తెర మీది డాక్టరు

అది 2003. ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమై మూడేళ్ళు కావస్తోంది. ఏ ఆఫీసుకెళ్ళినా గోడకి కొత్త బోర్డు, బల్ల మీద ప్లాస్టిక్ కవరు తియ్యని కొత్త కంప్యూటరు కనిపించే రోజులు. భిలాయి మార్కెట్లలో సైబర్ కేఫ్‌లు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు టీవీలు బాగుచేసే దుకాణంలో ఉండి, ఆ ఏడాది ఒక ట్రస్టు ఆసుపత్రిలో టెలిమెడిసిన్ టెక్నీషియన్‌గా చేరాను. ఆసుపత్రి పేరు రాయను. మా నాన్న భీమిలి నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపేవారు. కూతురికి ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకునే ఉద్యోగం వచ్చిందని చర్చిలో అందరికీ చెప్పుకున్నారు. అది డాక్టరు కోటు కాదని నేనే ఒక్కొక్కరికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

టెలిమెడిసిన్ అంటే రోగి ఇక్కడ, పెద్ద డాక్టరు ఎక్కడో నగరంలో. మధ్యన ఐఎస్‌డీఎన్ అనే ప్రత్యేకమైన టెలిఫోన్ లైను. మా గదిలో ఒక కెమెరా, గోడంత టీవీ, ఎక్స్‌రే ఫిల్మును కంప్యూటర్లోకి ఎక్కించే స్కానరు ఉండేవి. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు. దాన్ని ఇక్కడ రోగి గుండె మీద పెడితే ఆ చప్పుడు హైదరాబాదులో డాక్టరు చెవిలో వినిపిస్తుంది. మొదటిసారి నా గుండె మీదే పెట్టుకుని పరీక్షించినప్పుడు, అవతలి టెక్నీషియన్ "బాగా వినిపిస్తోందండీ" అన్నాడు. ఇక మనవాళ్ళెవరూ వైద్యం కోసం రైళ్ళ మీద పడి తిరగక్కర్లేదని నిజంగా నమ్మాను.

ప్రారంభోత్సవానికి ఒక రోగి కావాలన్నారు. మా ఆసుపత్రి ఫిజీషియన్ డాక్టర్ సాహూ గౌరిని ఎంపిక చేశారు. గౌరిది పలాస దగ్గర పల్లె. భర్త అప్పలరాజు భిలాయి పక్కనే కోహ్కాలో ఇళ్ళు కట్టేచోట తాపీ పని చేసేవాడు. పెళ్ళయి మూడేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వచ్చింది. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి తగ్గింది గానీ, అది పోతూ పోతూ గుండెలోని ఒక కవాటాన్ని పాడుచేసింది. దీన్ని మైట్రల్ స్టెనోసిస్ అంటారు. తలుపు రెక్కలు అతుక్కుపోయి సగమే తెరుచుకున్నట్టు, రక్తం ముందుకు పోక ఊపిరితిత్తుల వైపు ఎగదన్నుతుంది. తొడలోని రక్తనాళం గుండా చిన్న బెలూన్ పంపించి ఆ రెక్కల్ని విడదీయవచ్చు. ఆ సదుపాయం మా దగ్గర లేదు.

ఆ రోజు రాయ్‌పూర్ నుంచి పెద్ద మనుషులు వచ్చారు. పూలదండలు, ఫొటోలు అయ్యాక తెర వెలిగింది. అవతల నడివయసు డాక్టరు.

"అమ్మా, నీ పేరేమిటి? ఏ ఊరు?"

గౌరి తెర వైపు చూసి, చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. నన్ను వాళ్ళ వైపు మాటలో అప్పా అనేది, అంటే అక్కా అని. "ఓలమ్మా, అప్పా, తెలుగోడే!"

మైకులో గదంతా వినబడింది. డాక్టరు నవ్వేశారు. "తెలుగువాణ్ణేనమ్మా. చెప్పు, ఏ ఊరు?"

"పలాస కాడ బాబూ."

"అలాగా! మా అమ్మమ్మగారిది టెక్కలి."

అంతే. ఆ మాటతో ఆయన గౌరికి సొంతమనిషి అయిపోయారు. డాక్టర్ సాహూ ఎంత ఓపికగా చూసినా ఆయనది హిందీ. గౌరికి హిందీ బజారు వరకే వచ్చు. జబ్బు గురించి ఆమెకు ఆమె భాషలో చెప్పిన మొదటి డాక్టరు ఆ తెర మీది మనిషే.

ఆయన చెప్పినచోట నేను స్టెతస్కోపు పెట్టాను. చప్పుడు స్పీకర్లలో వచ్చింది. దూరంగా వంతెన మీద బరువు బండి దొర్లుతున్నట్టు గుడగుడమనే ధ్వని. అది పాడైన కవాటం చప్పుడు. గదిలో చప్పట్లు మారుమోగాయి.

గౌరి నా చెవి దగ్గరికి వంగింది. "ఎందుకప్పా సప్పట్లు? నా గుండె బాగున్నాదా?"

"మెషీను బాగా పనిచేసిందని కొడుతున్నారు."

"నా గుండె సంగతేటి మరి?"

ఆ సంగతి డాక్టరే చెప్పారు. మాత్రలు వాడాలి, కీళ్ళజ్వరం తిరగబెట్టకుండా వేసే ఇంజక్షన్లు మానకూడదు, నెల్లాళ్ళకి ఇదే గదికి రావాలి, అప్పుడు బెలూన్ వైద్యానికి తేదీ ఇస్తాను, అంతవరకు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. "నేను చూసుకుంటానమ్మా, భయపడకు" అన్నారు. గౌరి తెరకి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది.

నెల్లాళ్ళకి గౌరి వచ్చింది. తెర వెలగలేదు.

వెలగదని నాకు అప్పటికే తెలుసు. ప్రారంభోత్సవం కోసం ఆ లైను కొద్ది రోజుల ట్రయల్ మీద తీసుకున్నారు. ట్రయల్ అయిపోయింది. అడ్మినిస్ట్రేటర్‌ని అడిగితే "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం. కెమెరాకి కవరు వేసి ఉంచండి, విజిటర్లు వచ్చినప్పుడు తీద్దాం" అన్నారు. విజిటర్లు వచ్చేవారు కూడా. వాళ్ళకి ఆ రోజు రికార్డు చేసిన వీడియో వేసి చూపించేవాళ్ళం. గౌరి గుండె చప్పుడు ఆ గదిలో మళ్ళీ మళ్ళీ మోగేది. బయట బెంచీ మీద ఒక్కోసారి గౌరి కూర్చుని ఉండేది.

నేను మామూలు ఫోనులో నగరంలోని ఆసుపత్రికి చేశాను. అక్కడి కోఆర్డినేటర్ మర్యాదగానే మాట్లాడింది. టెలిమెడిసిన్ రోగులకి లింకు ద్వారానే అపాయింట్‌మెంటు ఇస్తారట. లింకు లేదు కదమ్మా అంటే, లింకు వచ్చాక చెయ్యమంది. ఆ డాక్టరుగారితో ఒక్క మాట మాట్లాడించమని అడిగాను.

"ఆయన ఇక్కడ మానేశారండీ. వేరేచోట చేరారు."

ఈ మాట నేను గౌరికి దాచకుండా చెప్పాను. డాక్టర్ సాహూ కూడా పిలిచి, తెర కోసం చూడొద్దు, నేరుగా విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పారు. నేను తెలుగులో వివరించాను. అప్పలరాజు తల ఊపాడు. గౌరి ఒప్పుకోలేదు.

"టెక్కలి బాబు తేదీ ఇత్తానన్నాడు గదప్పా. అంతమందిలో మాటిచ్చినోడు రాకుండా ఉంటాడేటి? ఎక్కడో పనిలో ఉండుంటాడు. మల్లీ ఒత్తాడు."

"ఆయన ఆ ఆసుపత్రే మారిపోయారు గౌరీ."

"మారితే ఏటి? ఆ డబ్బా ఎక్కడైనా ఉంటాది గదా. అక్కణ్ణించి మాటాడతాడు."

ఆమె చెప్పింది సాంకేతికంగా నిజమే. ఆయన తలుచుకుంటే ఎక్కడినుంచైనా మాట్లాడవచ్చు. దూరం అడ్డు కాదని చెప్పడానికే కదా అంత పండుగ చేశాం.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గౌరి ఒక్కతే వచ్చింది. బెంచీ మీద కూర్చోకుండా గది లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అప్పా, నెల తప్పింది. టెక్కలి బాబుకి సెప్పాల. తిడతాడేమో."

ఆమె ముఖంలో భయమూ ఉంది, సంతోషమూ ఉంది. వెంటనే డాక్టర్ సాహూ దగ్గరికి తీసుకెళ్ళాను. గర్భంతో ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఇరుకు కవాటం దాన్ని మొయ్యలేదని, ఇక ఆలస్యం చెయ్యొద్దని ఆయన బతిమాలినంత పని చేశారు. ఈసారి అప్పలరాజు కంగారుపడి ప్రయాణం ఏర్పాట్లలో పడ్డాడు. ఆ లోపలే గౌరికి జ్వరం తగిలింది. ఆయాసం ముదిరి పడుకోలేకపోయింది. మా వార్డులోనే ఆక్సిజన్ పెట్టి, మందులతో కాస్త నిలబెట్టి, ప్రయాణానికి తట్టుకోగలదు అనిపించాక పంపించారు.

రైలెక్కించడానికి పక్క ఊరు దుర్గ్ స్టేషనుకి నేనూ వెళ్ళాను. డాక్టర్ సాహూ చిన్న ఆక్సిజన్ సిలిండరు ఇచ్చి, తనకి తెలిసిన ఒక నర్సుని తోడు పంపారు. గౌరి బెర్తు మీద వెల్లకిలా పడుకోలేకపోయింది. దిళ్ళు, దుప్పట్లు, మా ఇంటి నుంచి తెచ్చిన బొంత, అన్నీ వెనక పేర్చి కూర్చోబెట్టాం. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది గానీ మాట్లాడడానికి ఊపిరి చాలలేదు.

విశాఖలో అదే వారంలో బెలూన్ వైద్యం చేశారు. కవాటం తెరుచుకుంది. గౌరి బతికింది. కడుపులో బిడ్డ నిలవలేదు. అప్పలరాజు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి, "మనిషి దక్కిందమ్మా. గుంట పోయింది" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే అదొక దురదృష్టం అనుకుని ఊరుకునేదాన్ని.

మరుసటి ఏడాది మా ఆసుపత్రికి వెబ్‌సైటు తయారైంది. డిజైన్ చాలా అందంగా ఉంది. లేత నీలం రంగు, పేజీ తెరుచుకోగానే ఒకదాని వెంట ఒకటి కదిలే ఫొటోలు. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంటు తీసుకునే బటన్ కూడా పెట్టారు. నొక్కితే 'త్వరలో' అని వచ్చేది. కదిలే ఫొటోల్లో మూడోది గౌరి దణ్ణం పెడుతున్నది. కింద ఇంగ్లీషులో, మా టెలిమెడిసిన్ వల్ల కొత్త జీవితం పొందిన గౌరి, అని ఉంది.

అడ్మినిస్ట్రేటర్‌కి చెప్పాను. "బతికే ఉంది కదా? మన దగ్గర చూపించుకుంది కదా? తప్పేముంది?" అన్నారు. అంతేకాక కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ లైను వస్తోందని, మళ్ళీ ప్రారంభోత్సవం చేస్తున్నామని, దానికి గౌరిని పిలిపించమని చెప్పారు.

నేను కోహ్కా వెళ్ళాను. గౌరి కోలుకుంది, ఒళ్ళు కాస్త పట్టింది. వెబ్‌సైటు అంటే ఏమిటో, అందులో తన బొమ్మ ఎలా ఉందో, కింద ఏం రాశారో అంతా చెప్పాను.

బియ్యం చాట ముందుకు లాక్కుని రాళ్ళేరడం మొదలుపెట్టింది. తర్వాత అడిగింది.

"బిడ్డ సంగతి రాసినారా?"

"లేదు."

"ఇసాపట్నం సంగతి?"

"అదీ లేదు."

"ఎప్పుడు రమ్మన్నారు?"

అప్పలరాజు వద్దన్నాడు. "ఎందుకే మనకి? పెద్దోళ్ళతోటి."

"నానొత్తాను" అంది గౌరి.

ఈసారి తెర ఇంకా పెద్దది, బొమ్మ ఇంకా స్పష్టం. అవతల ఒక కుర్ర డాక్టరు, ఆయనా తెలుగువారే. గౌరి చేతికి పూలగుత్తి ఇచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టారు. అడ్మినిస్ట్రేటర్ హిందీలో పరిచయం చేసి, రెండు మాటలు చెప్పమన్నారు. గౌరి పూలగుత్తి పక్కన పెట్టి తెర వైపు తిరిగింది.

"బాబూ, నెల్లాళ్ళకి రమ్మన్నారు. ఒచ్చినాను. మల్లీ ఒచ్చినాను. మీ డబ్బా ఎలగనేదు. కడుపుతోటి ఉండి కూడా ఒచ్చినాను. మీరెక్కడికెల్లిపోనారు? నా గుంట సచ్చిపోయింది. బాగుసేసినోళ్ళు ఇసాపట్నమోళ్ళు. నా బొమ్మ కింద మీ పేరెందుకు రాసుకున్నారు? తీసేయండి."

గొంతు పెంచలేదు. భాష తెలియనివాళ్ళు నవ్వుముఖాలతోనే వింటున్నారు. ముందు వరుసలో ముఖ్య అతిథి "ఏమంటోంది?" అని అడిగారు.

"ధన్యవాదాలు చెబుతోంది సర్" అన్నారు అడ్మినిస్ట్రేటర్.

నేను కెమెరా పక్కనే నిలబడి ఉన్నాను. "కాదు సర్" అన్నాను. గౌరి చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పాను.

తెర మీది కుర్ర డాక్టరు తల దించుకున్నారు. "అమ్మా, నేను ఈ మధ్యే చేరాను. నాకు తెలియదు" అన్నారు తెలుగులో.

"మీరైనా ఉంటారా బాబూ?"

ఆయన ఏదో చెప్పబోయారు. ఎవరో మ్యూట్ నొక్కారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ముఖ్య అతిథి గడియారం చూసుకుని, మంచి ప్రయత్నం, లోటుపాట్లు సరిచేసుకోండి అని లేచారు. టీ ఇచ్చారు. మర్నాడు పేపర్లో కొత్త తెర ఫొటో వచ్చింది.

నన్ను రిజిస్ట్రేషన్ కౌంటరుకి మార్చారు. కొన్నాళ్ళకి మానేశాను. గౌరి ఫొటో మాత్రం తియ్యలేదు. అడిగిన ప్రతిసారీ డిజైన్ చేసినవాళ్ళు తియ్యాలి అన్నారు. ఆ సైటు మూతపడేదాకా ఆమె అందులో దణ్ణం పెడుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా ఊళ్ళలో ఇలాంటి గదులు బిగించే పని చేశాను. ఇప్పుడు లైన్లు బాగున్నాయి, పరికరాలు బాగున్నాయి, చాలాచోట్ల నిజంగానే ప్రాణాలు నిలుస్తున్నాయి. గౌరి దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. పెట్టెలు విప్పకముందే అడుగుతాను: అవతల కూర్చునే డాక్టరు ఎవరు, ఆయన మానేస్తే ఎవరు, లైను పోయిన రోజు రోగి ఎక్కడికి వెళ్ళాలి? ఆ జవాబుల్ని రోగి భాషలో గది తలుపుకి అంటించమంటాను. చాలామందికి ఇది నచ్చదు. "మేడమ్, మీరు టెక్నికల్ పని చూసుకోండి" అంటారు. ఇదే నా టెక్నికల్ పని అని చెబుతాను. వినకపోతే పెట్టెలు అలాగే వదిలేసి వచ్చిన ఊళ్ళూ ఉన్నాయి.

గౌరి ఇప్పటికీ ఏటా విశాఖ వెళ్ళి గుండె చూపించుకుంటుంది. ఈ మధ్య ఆ ప్రయాణం ఆమెకి కష్టమవుతోంది. మొన్న నా ఫోనులోనే అక్కడి డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తానని, రిపోర్టులు కూడా నేనే పంపిస్తానని చెప్పాను. అంతా నిమిషాల పని. ఇరవై ఏళ్ళ కిందట మేము మాటిచ్చిన పని.

"నాకొద్దప్పా" అంది. "నువ్వు సెడ్డదానివని కాదు. నాను తెరకి దణ్ణం పెట్టను."

మర్నాడు అప్పలరాజు దుర్గ్ వెళ్ళి రైలు టిక్కెట్లు తెచ్చాడు.