రిపీట్ సారూ, పుప్పాలగూడ అవ్వా

పళ్ళ డాక్టరు చదువంటే పళ్ళ గురించి చదవడమేనని నేను నమ్మిన రోజులవి. ఫైనలియర్‌కి వచ్చాకే తెలిసింది, అది పళ్ళు లేని మనుషుల్ని వెతికి పట్టుకునే చదువని. మా కాలేజీ చుట్టూ అద్దాల ఆఫీసులు. వాటిలో అంతా కుర్రవాళ్ళు (ఒకవేళ పన్ను నొప్పొచ్చినా మాదాపూర్‌లో ఏసీ క్లినిక్కులు వదిలి మా దగ్గరికెందుకొస్తారు?). పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి చేసి చూపిస్తేగాని పరీక్షకు కూర్చోనివ్వరు. చివరికి మా హాస్టల్ వంటావిడ పుణ్యమా అని, పుప్పాలగూడలో ఉండే వాళ్ళ అత్తగారు దొరికింది. నోట్లో ఒక్క పన్ను లేదు! నాకు లంకెబిందెలు దొరికినట్టయింది.

అవ్వకూ తొందరే. "మనుమరాలి పెండ్లిల మటన్ నమలాలె బిడ్డా. గప్పటికల్లా పండ్లు పెట్టు," అంది.

మేమిద్దరం సిద్ధమే, సిద్ధంగా లేనిది మా సారు. ఆయన్ని మేం రిపీట్ సార్ అనేవాళ్ళం. అవ్వ నోటి అచ్చు తీసి చూపిస్తే, ఫోన్లోంచి తలెత్తకుండా "రిపీట్" అనేవారు. "తప్పెక్కడుందండీ?" అంటే, "నువ్వే కనుక్కో. ట్రైనింగంటే అదే," అనేవారు. బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ అచ్చు తీసే ముద్ద కలిపేదాన్ని. అవ్వ మళ్ళీ నోరు తెరిచేది. "ఏంది బిడ్డా, ఇగ గీ పిండి తినుడేనా? పెండ్లి నెత్తిమీదికొచ్చె!"

అలాంటి ఒక పొద్దున, ముద్ద నింపిన ట్రే అవ్వ నోట్లో పెట్టి నేను నిలబడి ఉండగా, కాలేజీ తనిఖీకి ఒక పెద్దాయన వచ్చారు. వెనకే రిపీట్ సార్, ఎన్నడూ లేని చిరునవ్వుతో. పెద్దాయన నా దగ్గర ఆగి, "ఏమ్మా, క్లినిక్‌లో శిక్షణ తృప్తిగా ఉందా?" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాను. సారు నా వంక చూశారు. "చాలా తృప్తిగా ఉందండీ," అన్నాను.

అవ్వ తన నోట్లో ముద్దను ట్రేతో సహా పీకి పక్కన పడేసింది.

"ఏం తృప్తి సారూ! ఈ పిల్ల ఏడ్సుకుంటనే పిండి పెడ్తది. గా సారేమో దూరంకెల్లే మల్ల తియ్యమంటడు. ఒక్కనాడన్న నా నోట్ల తొంగి సూసిండేమో అడుగుండ్రి! జర పక్కన నిలవడి సూపిస్తే పిల్ల నేర్సుకోదా?"

పెద్దాయన ఒక స్టూలు లాగి రిపీట్ సార్ వైపు జరిపారు. సారు కూర్చున్నారు. గ్లవ్స్ వేసుకుని, "అంత నొక్కకూడదమ్మా. పెదవిని ఇలా బయటికి లాగి వదలాలి," అని చేసి చూపించారు. అంతే! ఇంత చిన్న మాటకా నేను ఇన్నాళ్ళూ ఏడ్చింది? అచ్చు ఆ దెబ్బకే కుదిరింది. సంతోషించడం మానేసి ఒళ్ళు మండిపోయి నిలబడ్డాను.

పరీక్షా అయింది, పెళ్ళీ అయింది. బంతిలో అవ్వ నా పక్కనే కూర్చుని మటన్ ముక్క నమిలి, "మంచిగనే పెట్టినవ్ పో," అంది. వియ్యపురాలి దాకా అందరికీ నోరు తెరిచి చూపించింది. ఇంకేం, తోటి ముసలమ్మలంతా నా చుట్టూ మూగి "మా నోరు గూడ జర సూడు బిడ్డా" అని మొదలుపెట్టారు. వేడి బిర్యానీ ముందుంచుకుని, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్కొక్కరి నోట్లోకీ తొంగిచూస్తూ, పెద్ద డాక్టరులా తలాడించిన ఆ పిల్ల (నేనే!) తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. బిర్యానీ చల్లారిపోయింది, పాపం. అసలు తిన్నదో లేదో కూడా గుర్తులేదు.