మీరైతే ఇక్కడ ఏం వేస్తారండీ?

దారిలో తెలిసిన మొహం కనబడితే బందరులో ఎవరైనా "బాగున్నారా" అంటారు. బెంజమిన్ గారు అలా అనరు. కొత్తింటి గేటు మీద రెండు మోచేతులూ ఆనించి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, "మీరైతే ఇక్కడ ఏం వేస్తారండీ?" అంటారు. ఇక్కడ అంటే ఇంటి ముందున్న ఖాళీ జాగా. అడిగి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. అవతలివాళ్ళు ఏం చెప్తే అది, వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటే, మర్నాటికల్లా పాతించేస్తారు.

ఆ పాతేవాడు గిరీష్.

గిరీష్ వాళ్ళింట్లో తాత గుమాస్తా, తండ్రి గుమాస్తా. ఇతను ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, లైబ్రరీలో చెదలు తినగా మిగిలిన తోటల పుస్తకాలన్నీ తను నమిలేసి, 'ల్యాండ్‌స్కేప్ డిజైనర్' అని కార్డు కొట్టించుకున్నాడు. మేనమామ ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే తోటమాలేగా?" అన్నాడు. అప్పట్నుంచీ గిరీష్‌కి మేనమామ మీదా, బందరు మీదా, మొత్తంగా మానవజాతి మీదా కోపం.

అలాంటివాణ్ణి ఒకరోజు రోడ్డు మీద బెంజమిన్ గారు ఆపి, తన ప్రశ్న అడిగారు. గిరీష్ బండి స్టాండు వేసి, ఎవరికీ చెప్పుకోలేక కడుపులో దాచుకున్న తోటంతా ఏకబిగిన ఆయన ముందు పరిచేశాడు. గేటుకి అటూ ఇటూ ఎరీకా పామ్‌లు, మధ్యలో తివాచీ లాంటి పచ్చిక, గోడవారన బంతుల్లా కత్తిరించిన ఫైకస్‌లు, తెల్ల గులకరాళ్ళు, నట్టనడుమ ఫౌంటెన్. పెద్దాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"అయితే నువ్వే వేసెయ్యి బాబూ" అన్నారు.

ప్రతిభ దాగదనీ, ఆలస్యంగానైనా ఒకరు గుర్తించారనీ గిరీష్ పొంగిపోయాడు. పెద్దాయన ఏదో సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారని తెలుసు. ఏం ఉద్యోగమో అతను అడగలేదు. మాట్లాడుతున్నది తనే అయినప్పుడు అడగటానికి సందెక్కడిది?

పైగా అతని దృష్టంతా గుడివాడ మీద ఉంది. అక్కడ పిచ్చేశ్వరరావు అనే ఆయన పెద్ద ఫంక్షన్ హాలు కడుతున్నాడు. "నువ్వు వేసిన తోట ఒక్కటి చూపించవయ్యా. నచ్చితే హాలు తోట నీకే" అన్నాడు. గిరీష్ చూపించగలిగిన తోట లోకంలో ఇదొక్కటే. ఇది నిలబడితే తను డిజైనరు. పోతే మూడో తరం గుమాస్తా.

ఎరీకాలు నాటిన మర్నాడే గ్యాసు బండల హనోకు వచ్చాడు.

"వందనాలు సార్" అని సిలిండరు దించాడు.

"వందనాలు హనోకూ. నువ్వైతే ఇక్కడ ఏం వేస్తావు?"

హనోకు వెనక్కి తిరిగి చూశాడు, అడిగింది ఇంకెవరినో అనుకుని. ఎవరూ లేరు. "నన్నా సార్? నేనైతే గేటు పక్కనే మునగ వేస్తానండి. పప్పుచారులోకి ఎవరికి కావాలన్నా చెయ్యి చాపి తుంపుకోవచ్చు."

గిరీష్ వచ్చేసరికి ఎడమ ఎరీకా పక్కకి జరిగి ఉంది. దాని చోట మునగకొమ్మ నిలబడి ఉంది.

"సార్! గేటు దగ్గర సిమెట్రీ ఉండాలి!"

"ఉందిగా బాబూ. అటు పామూ ఇటు మునగా. రెండూ పొడుగే."

తర్వాతి వంతు త్రిపురసుందరి గారిది. రిటైరైన టీచరమ్మ. సుగరు కోసం నడుస్తూ తనలో తనే ఎక్కాలు చదువుకుంటూ ఉంటారు. "నాకైతే పారిజాతం ఇష్టం అనుకోండి. కానీ మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు కదా, మీ ఇంట్లో ఎలా..." అని నసిగారు.

"అది చర్చికి రానక్కర్లేదండీ. మా గోడ దగ్గర ఉంటే చాలు" అన్నారు బెంజమిన్ గారు. రెండు ఫైకస్ బంతుల మధ్య పారిజాతం వెలిసింది.

కరెంటు మీటరు చూసే అతన్ని అడిగితే, తలెత్తకుండా "గోంగూర" అన్నాడు. ఎక్కడ అంటే, చేతిలో మిషను ఉండటం వల్ల కాలితో చూపించాడు. ఆ కాలు పచ్చిక నడిబొడ్డున ఆగింది.

"తివాచీ మధ్యలో గోంగూరా?" గిరీష్ గొంతు కీచుమంది.

"మీటరు అంకె తప్ప ఇంకేదన్నా చెప్పమని అతన్ని ఎవరైనా అడిగారా ఇంతవరకూ? పాపం వెంటనే చెప్పేశాడు చూడు" అన్నారాయన.

విచిత్రం ఏమిటంటే, వీధి చివరి కోదండరామయ్య గారిని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. కోదండరామయ్య గారు అడక్కుండానే ఆపరేషను చేసే డాక్టరుకి కూడా సలహా చెప్పగల మనిషి. రోజూ గేటు దగ్గరికి రాగానే నడక తగ్గించి, గొంతు సవరించుకుని, రెడీగా నిలబడేవారు. బెంజమిన్ గారు ఆ క్షణంలోనే మబ్బులు చూడటం మొదలుపెట్టేవారు.

ఇంకో విచిత్రం. జాగా మధ్యలో ఫౌంటెన్ రావలసిన చోట ఆయన ఇటుకలతో గుండ్రంగా గట్టు పేర్చి, ఏదో మట్టి నింపి, "ఇక్కడ ఏమీ వెయ్యొద్దు" అన్నారు.

"ఇదెవరి సలహా?" గిరీష్ పళ్ళు నూరాడు.

"ఇంకా అడగలేదు."

వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అన్నమ్మ గారు అక్కణ్ణుంచే అందుకున్నారు. "దారిన పోయే ప్రతివాణ్ణీ అడుగుతారు నాయనా. కట్టుకున్నదాన్ని మాత్రం, ఇదిగో అన్నమ్మా, నీకేం కావాలీ అని అడగరు. నేను రోడ్డు మీద వెళ్తే గానీ కనబడనేమో!"

బెంజమిన్ గారు మబ్బులు చూశారు.

పిచ్చేశ్వరరావు తోట చూడటానికి వచ్చే రోజు దగ్గరపడుతోంది. పెద్దాయన ఎవరిదో పెళ్ళికని గుడివాడ వెళ్ళిన సమయం చూసి, తోటని తన దారికి తెచ్చుకుందామనుకున్నాడు గిరీష్. మొదళ్ళన్నీ ఎత్తు చేసి, అవకతవకలన్నీ మట్టి కింద కప్పేస్తే సరిపోతుంది. బంటుమిల్లి వైపు నుంచి ట్రాక్టరు మట్టి వచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. "కేకు సార్ కేకు! తినేసేలా ఉంది చూడండి" అన్నాడు ట్రాక్టరతను. ఆ ఇటుకల గట్టు లోపల తప్ప జాగా అంతా గిరీష్ ఆ కేకు పరిచాడు.

వారం తిరిగేసరికి నేల మీద తెల్లగా పొక్కింది. ఎరీకా ఆకుల అంచులు మాడాయి. గోంగూర తల వేలాడేసింది. మునగ బోడిదైపోయింది.

ఊరి నుంచి వచ్చిన బెంజమిన్ గారు చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశారు.

"ఎక్కడిది బాబూ?"

"బంటుమిల్లి దగ్గర... చెరువు లోతు చేస్తుంటే."

"ఏం చెరువు?"

చెప్పక్కర్లేదు. బంటుమిల్లి దగ్గర తవ్వుతున్న చెరువు ఏం చెరువో ఆ చుట్టుపక్కల చంటిపిల్లలకి కూడా తెలుసు. మట్టిని పుస్తకాల్లోనే చూసినవాడికి తప్ప.

"మంచి మట్టే. రొయ్యలకి" అన్నారు బెంజమిన్ గారు.

తిడతారని గిరీష్ తల వంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్లకి అతని దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన మాత్రం గేటు దగ్గరికి వెళ్ళి మోచేతులు ఆనించి, కళ్ళజోడు పైకి నెట్టి, మొట్టమొదటిసారి ప్రశ్న మార్చారు.

"తోటకి ఉప్పు తగిలింది త్రిపురసుందరి గారూ. మీరైతే ఏం చేస్తారండీ?"

ఆవిడ ఎక్కం మధ్యలో ఆగిపోయారు. "నా పారిజాతానికా?" అన్నారు. అంతే, కొంగు బిగించి లోపలికి వచ్చేశారు.

సాయంత్రానికి వార్త వీధి దాటింది. తెల్లారి కుళాయిలు వచ్చేసరికి ఇంటి ముందు బిందెలు, బకెట్లు, పైపులు. "మంచినీళ్ళతో కడగాల్సిందే" అన్నాడు హనోకు. "మునగ దగ్గర నేను పోస్తాను. ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు." మీటరతను సెలవు పెట్టి మరీ వచ్చి గోంగూర పక్కన గొంతుక్కూర్చున్నాడు. కోదండరామయ్య గారు కూడా పొడవాటి పైపు భుజాన వేసుకుని వచ్చారు. ఆశ్చర్యం, ఒక్క సలహా కూడా లేదు.

"నీళ్ళు పోస్తే చాలదు, కిందకి దిగి బయటికి పోవాలి. గోడ పొడుగునా కాలువ తియ్యి బాబూ. గూడూరు నుంచి ఉప్పు విరిచే జిప్సం తెప్పించు. పై పొర గీకి పారెయ్యి" అన్నారు బెంజమిన్ గారు.

"ఇవన్నీ మీకెలా తెలుసు సార్?"

"ఎక్కడో విన్నానులే."

గిరీష్ పలుగు పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా కాలువలు తీశాడు. ఏ రోజు కుళాయి వస్తే ఆ రోజు వీధంతా వచ్చింది. ఎవరి మొక్కకి వాళ్ళు పోసుకుని, పక్కవాళ్ళ మొక్కకి ఇంకో బిందె పోసి, ఆ పైన అన్నమ్మ గారి టీ తాగి వెళ్ళేవాళ్ళు. బోడి మునగ మీద పెసరగింజంత పచ్చటి చిగురు కనబడిన రోజున హనోకు వీధి మొత్తానికీ బండి ఆపి మరీ చెప్పాడు. ఆ రోజు చాలామందికి గ్యాసు ఆలస్యమైంది.

అలా తేరుకున్న తోటకే పిచ్చేశ్వరరావు కారు వచ్చింది. గిరీష్ గీసిన ప్లాను కాగితం చేతిలో ముడతలు పడిపోయింది. ఆ కాగితంలో ఉన్నట్టు ఇక్కడ ఒక్కటీ లేదు. ఇక్కడ ఉన్నది ఆ కాగితంలో లేదు.

"ఇదేంటయ్యా, గేటుకి ఇటు పామూ అటు మునగా?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"ఆ మునగ నాదండి!" అన్నాడు హనోకు, అప్పుడే సిలిండరు దించుతూ.

"పారిజాతం నాది" అన్నారు గోడ అవతల నుంచి త్రిపురసుందరి గారు.

"అయ్యా, గోంగూర తొక్కుతున్నారు! కొంచెం చూసుకోండి!" మీటరతను బెదిరించినంత పని చేశాడు.

పిచ్చేశ్వరరావు ఉలిక్కిపడి కాలు తీశాడు. అప్పుడే వరండాలోంచి వస్తున్న పెద్దాయన్ని చూసి, రెండు చెప్పులూ విడిచేశాడు. "సార్! మీరా!"

గిరీష్ వైపు తిరిగాడు. "ఈయనెవరనుకున్నావు? ఉద్యానశాఖ ఆఫీసరయ్యా! ఈయన జీపు వస్తోందంటే మా నాన్న అరటితోటలో దాక్కునేవాడు. సపోటా వెయ్యి అంటే సపోటానే. ఎదురు మాట్లాడితే ఊరి ముందు కడిగేసేవారు. దివిసీమ సగం తోటలు ఈయన నోటి మీద లేచినవే!"

గిరీష్ నోరు తెరిచాడు. "అంతా తెలిసుండి... గోంగూర ఎందుకు వేయించారు సార్?"

బెంజమిన్ గారు సిగ్గుపడ్డారు. "తోటలైతే లేచాయి గానీ, సర్వీసంతా నన్ను చూసి ఒక్క రైతు నవ్వలేదయ్యా. అందుకని ఈసారి..." అని మెడ రుద్దుకున్నారు.

"అందర్నీ ఏం అడగరులే" అన్నారు అన్నమ్మ గారు. "గేటు దగ్గర ఎవర్ని ఆపుతారో ఎప్పుడన్నా చూశావా? మాట అడిగే దిక్కులేని మొహం ఎక్కడుందా అని వెతికి మరీ ఆపుతారు. కోదండరామయ్య గారికేం, అడక్కపోయినా చెప్పుకుంటారు."

గిరీష్‌కి ఒకరోజు రోడ్డు మీద తను స్టాండు వేసిన బండి గుర్తొచ్చింది. అందరికంటే ముందు ఆ గేటు దగ్గర ఆగిన మొహం ఎవరిదో గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత, మేనమామ కార్డు తిప్పి చూసిన దగ్గర్నుంచీ రానిది, నవ్వొచ్చింది.

ప్లాను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిచ్చేశ్వరరావు దగ్గరికి వెళ్ళాడు.

"అదిగో, ఆ మూల ఖాళీగా ఉందండీ. మీరైతే ఇక్కడ ఏం వేస్తారు?"

పిచ్చేశ్వరరావు చుట్టూ చూశాడు. అందరూ ఆయన చెప్పింది చేసేవాళ్ళే గానీ, ఇలా అడిగినవాళ్ళు లేరు కాబోలు. "మా అమ్మ కనకాంబరాలు వేసేది..." అని మెల్లగా అని, తెల్లచొక్కాతోనే మూల దగ్గర కూర్చుని మట్టి చూడటం మొదలుపెట్టాడు. లేచేటప్పుడు చేతులు దులుపుకుంటూ, "హాలు తోట నీదే. కానీ ప్లానూ గీనూ వద్దు. వంటవాళ్ళనీ, సన్నాయివాళ్ళనీ, కుర్చీలు మోసేవాళ్ళనీ అడిగి వెయ్యి" అన్నాడు.

వీధంతా చప్పట్లు కొట్టింది. మీటరతను గోంగూర కట్ట ఒకటి కోసి పిచ్చేశ్వరరావు కార్లో పెట్టాడు. మర్నాడు ఉదయం బెంజమిన్ గారు మబ్బులు చూడకుండా గేటు దగ్గర నిలబడి కోదండరామయ్య గారిని అడిగారు. ఇన్నాళ్ళూ సిద్ధం చేసుకున్న జవాబు ఆ క్షణానికి కోదండరామయ్య గారికి ఒక్క ముక్కా గుర్తురాలేదు. రేపు చెప్తానని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పెద్దాయన ఇటుకల గట్టు దగ్గరికి వచ్చారు. రొయ్యల మట్టి తగలని చోటు అదొక్కటే. కాలువ ఒండ్రు, పశువుల ఎరువు కలిపి, జాగా మొత్తంలో శ్రేష్ఠమైన మట్టి ఆయన ముందే అందులో నింపి దాచారు.

"అన్నమ్మా" అని పిలిచారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టారు. "నువ్వైతే ఇక్కడ ఏం వేస్తావు?"

అన్నమ్మ గారు చిక్కుళ్ళ చేట కింద పెట్టి, మొగుణ్ణీ మట్టినీ మార్చి మార్చి చూశారు.

"ముందు ఒక కుర్చీ తెచ్చి ఇక్కడ పెట్టండి" అన్నారు. "ఇన్నేళ్ళకి అడిగారు. తీరిగ్గా కూర్చుని ఆలోచించుకోవద్దూ?"