గిన్నె ఖాళీగా పంపకూడదన్నాను

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి, ఆ పీట లాక్కోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. నిన్న సాయంత్రం మా ఎదురింటి ముందు సామాన్ల వ్యాను ఆగింది. కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు గారట, పెళ్ళాం పిల్లలతో దిగారు. మా కోడలు కొంగు దోపుకుని, "అత్తయ్యగారూ, పులిహోర కలిపేయనా?" అంది. "ఇప్పుడే వద్దు" అని ఆపాను. పాత సిగ్గొకటి గుర్తొచ్చింది.

మా పై వాటాలో ఇదివరకు ఒక లెక్చరరమ్మ ఉండేది. అనంతపురం వైపు మనిషి. మా అమలాపురంలో ఉద్యోగమని చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త ఉద్యోగం వాళ్ళ ఊళ్ళోనే. ఆవిడ గడప తొక్కిన దగ్గర్నుంచి మేం ఊరుకున్నామా! పాలవాణ్ణి మాట్లాడాను, గ్యాసు బండ కోసం మా ఆయన్ను పరిగెత్తించాను, పిల్లను బళ్ళో వేయించాను. మా వానలకి బట్టలు ఆరక ముక్కవాసన వేస్తుంటే సాంబ్రాణి పొగ పట్టించడం నేర్పాను. అక్కడితో ఆగితే నేను మంచిదాన్నే. తిండి ఒకటుంది కదా మనకి! మొదటిరోజు పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పంపాను. మర్నాడు ఆవిడ గిన్నె తళతళా తోమి తెచ్చింది. "మా వైపు గిన్నె ఖాళీగా పంపరమ్మా, చిటికెడు పంచదారైనా వేస్తారు. ఆయ్!" అన్నాను. పరాచికానికే అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "తెలీదు పెద్దమ్మా, తప్పయిపోయింది" అని గిన్నె వెనక్కి పట్టుకెళ్ళి, సాయంత్రానికి నిండా వేరుశెనగ పొడి తెచ్చింది.

ఆ పొడి రుచి వీధంతా చాటాను. ఇంకేముంది, పక్కింట్లోని మా తోడికోడలు పనసపొట్టు కూర పంపితే, చివరింటి పిన్నిగారు చేపల పులుసు పంపింది. ఎవరి గిన్నె వాళ్ళకి నిండుగా తిరిగొస్తుంటే, "చూశారా, ఎంత తొందరగా మనలో కలిసిపోయిందో!" అని మురిసిపోయాను. రుచి మరిగి, నేనైతే పెద్ద గిన్నెల్లోనే పంపేదాన్ని. మీ దగ్గర దాచడమెందుకు?

ఒక మధ్యాహ్నం కందాబచ్చలి కూర పట్టుకుని మెట్లెక్కాను. తలుపు ఓరగా ఉంది. పిల్ల జ్వరంతో మూలుగుతూ తల్లి భుజం మీద పడి ఉంది. తల్లి ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో మూకుట్లో వేరుశెనగలు వేపుతోంది. గట్టు మీద వీధిలోవాళ్ళ గిన్నెలన్నీ బారుగా ఉన్నాయి. వాటి పక్కన పెట్టిన ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది.

"పాపకు ఒళ్ళు కాలిపోతాంది. రేపటి పాఠం సూసుకోవల్ల. ఈ గిన్నెలు నింపి ఇయ్యకుంటే ఎట్లమ్మా? ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చేస్తా."

"ఎవరన్నా ఏమన్నా అన్యారా?" అంది ఫోనులో తల్లి.

"ల్యామ్మా. అందరూ మంచోళ్లే. అందుకే ఈడ ఉండలేకున్నా."

నా చేతిలో కూరగిన్నె అంత బరువు ఎప్పుడూ లేదు. తీసుకుని లోపలికెళ్తే ఆ బారులో ఇంకో గిన్నె. మెల్లగా దిగిపోదామా అనుకున్నాను కూడా. చివరికి కూర మెట్టు మీదే వదిలి, లోపలికెళ్ళి పొయ్యి కట్టేశాను. ఆవిడ ఉలిక్కిపడి, "మీ గిన్నె సాయంత్రానికి ఇచ్చేస్తా పెద్దమ్మా" అంది. నేల చీలితే బాగుండుననిపించింది. తల్లీకూతుళ్ళని మా ఆయన వెంట డాక్టరు దగ్గరికి పంపి, ఆ గిన్నెలన్నీ ఖాళీవి ఖాళీగానే పట్టుకుని పట్టపగలు వీధిలో పడ్డాను.

తోడికోడలు మూతి విరిచింది. "ఏంటక్కా, బోసిగిన్నె తెచ్చేవు? మీ లెక్చరరమ్మగారికి పొడి అయిపోయిందా?"

"పొడి కాదే, ఓపిక అయిపోయింది. పిల్లకి ఒళ్ళు తెలీని జ్వరం. అసలు వండి పంపమని మనల్ని ఎవరడిగేరు? పుచ్చుకో."

అది గిన్నె అందుకుని లోపలికెళ్ళింది.

ఆవిడ ఉద్యోగం మానలేదు. కానీ ఆ నెలాఖరుకే, కాలేజీకి దగ్గరని చెప్పి, కాలవ అవతలికి ఇల్లు మారిపోయింది. వెళ్తూ నా కాళ్ళకు దండం పెట్టింది. నాలుగు మాటలు అనేసి వెళ్ళినా బాగుండేది. ఇప్పటికీ బజార్లో ఎదురైతే "బాగుండారా పెద్దమ్మా" అని నవ్వుతుంది. నేనే కూరగాయలు ఏరుతున్నట్టు తల వంచుకుంటాను. కొత్త మనిషి పాతబడడానికి కాలం పడుతుంది. ఆ కాలాన్ని కూడా నేనే గరిటెతో వడ్డించేయబోయాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప తొక్కినవాళ్ళు తీరుబడిగా కూర్చుని, వాళ్ళకి ఆకలేసినప్పుడే తినాలి.