చెల్లి చేతి ముడుపు

నా చిన్నప్పుడు మా చెల్లిని మదనపల్లెలో ఆస్పత్రిలో చేర్చారు. గుండెలో జబ్బు అన్నారు. మాది రామసముద్రం దగ్గర పల్లె. నేను చదివింది ఐదో తరగతే, ఇలా రాయడం ఇదే మొదలు. గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతాను.

మా అమ్మ గంగమ్మకు మొక్కుకుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి చెల్లి చేతికి ముడుపు కట్టింది. జబ్బు నయమయ్యాక గుడిలోనే దాన్ని విప్పాలి. ముందే విప్పితే మొక్కు చెడుతుందని మా వైపు భయం.

అమ్మ తమ్ముడు, మా మామ, కుప్పం నుంచి వచ్చాడు. దేవుడు లేడని ఎవరితోనైనా వాదించే మనిషి. చెల్లి అంటే ఆయనకు ప్రాణం. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేసరికి ఆ కోపమంతా ముడుపు మీదికి మళ్ళింది.

"ఈ గుడ్డముక్కేమన్నా డాక్టరు చదివిందా అక్కా? మొక్కులని కూర్చోకుండా పాపను ముందే తెచ్చింటే?" అంటూ దాన్ని విప్పి కిటికీలో పడేశాడు.

చెల్లి ఖాళీ చేతిని చూసుకుంది.

"ఇంగ నేను సచ్చిపోతానా మామా?"

అంత వాదించే మామ తల దించుకున్నాడు.

మాకు తోడుగా పక్కింటి తాత వచ్చి ఉన్నాడు. ఆయన కూడా దేవుణ్ణి నమ్మడు. జాతరనాడు గుడిలోకి పోడు గానీ, ఎండలో వరసలో నిలబడినవాళ్ళకు మజ్జిగ పోస్తాడు. ఆ తాత లేచి, కిటికీలోని ముడుపు తెచ్చి, దుమ్ము దులిపి, మళ్ళీ చెల్లి చేతికి కట్టాడు.

"మళ్ళా కడితే పనిచేస్తాదా తాతా?"

"అది నాకు తెలీదమ్మా. నేనైతే యాడికీ పోను. ఈడనే ఉంటా."

మామ ఉండబట్టలేక అడిగాడు. "నువ్వూ దేముడు లేడనేవాడివే కదా పెద్దాయనా, యాల కట్టినావు?"

"లేడు లేప్పా. పాప ఉండాది కదా."

మామ మంచం చివర కూర్చుని చెల్లి పాదాలు ఒత్తుతూ ఉండిపోయాడు. అంతమంది పెద్దవాళ్ళు ఉన్నారు, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. చెల్లి ఆ వారంలోనే పోయింది. అమ్మ ముడుపు విప్పనివ్వలేదు, దానితోనే సాగనంపింది.

మామ మాట అబద్ధమని నేను అనను. ముడుపు చెల్లిని బతికించలేదు. కానీ దేవుడు లేడని చెప్పేశాక మామకు చెయ్యడానికి ఏమీ తోచలేదు. తాతకు పని అక్కడే మొదలైంది. ఇద్దరిదీ ఒకటే మాట, మనుషులు మాత్రం వేరు.

మొన్న, ఇప్పుడు నేనుంటున్న పుంగనూరులో, మా ఎదురింటి ఆవిడ మంచాన పడింది. వాళ్ళు క్రైస్తవులు. బైబిల్ తలకింద పెట్టమని అడిగితే పెట్టాను. "నేను బాగవుతానా?" అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.