మేక మెచ్చిన పరుపు

ఆ రోజుల్లో గట్టిగా చెప్పిన మాటలన్నీ నిజాలేనని నమ్మేవాణ్ణి, చెప్పింది నేనైతే మరీనూ. మెట్రిక్ రెండోసారి కూడా తప్పాక (మూడోసారి సంగతి అడగకండి) కరీంనగర్‌లో తొట్టెలలు, పసిపిల్లల్ని పడుకోబెట్టే వెదురు బుట్టలు అమ్మే దుకాణంలో కుదిరాను. ప్రతిదానితోనూ పూలగుడ్డ కుట్టిన చిన్న పరుపు ఒకటి ఇచ్చేవాళ్ళం. ఎవరైనా గడప తొక్కగానే, "అచ్చమైన బూరుగు దూది! అవ్వ ఒడిల పండుకున్నట్టే ఉంటది!" అని అందుకునేవాణ్ణి. పరుపు నొక్కితే గరగరమనే మాట నిజమే. కొత్త దూది అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. ఏనాడూ విప్పి చూడలేదు.

అంతలో హుస్నాబాద్‌లో మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. మా అమ్మకు ఒంట్లో బాగుండక కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఇరవయ్యొకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసే వేడుక. తల్లిగారింటి తరఫున తొట్టెల తెచ్చే గౌరవం మేనమామనైన నాకు దక్కింది. చిలకలు చెక్కినది ఏరి, బస్సు మీద కట్టించుకుని, పరుపును మాత్రం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. దిగీదిగగానే నా పాట మొదలుపెట్టాను. అక్క అత్తమ్మ పరుపు నొక్కి చూసి, వాకిట్లో మంచం మీద ఎండకు వేసింది. చుట్టాల మధ్య నేను చాయ్ తాగుతూ దూదిలో రకాల గురించి వివరిస్తుండగా వాకిట్లో నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూస్తే వాళ్ళ మేక పరుపు మూల చింపి, లోపలి నుంచి వరిగడ్డి లాగి, కళ్ళు అరమోడ్చి నములుతోంది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఏం పిలగా, గిండ్ల ఏమున్నదంటివి?"

"బూరుగు దూది, అత్తమ్మా."

"మరి మా మేక దూది ఎప్పటిసంది తింటున్నది?"

అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. గుమ్మంలో బిడ్డనెత్తుకున్న అక్క మాత్రం తల దించుకుంది. "తమ్మీ, నాకు సుత గడ్డే తెచ్చినవారా?" అని మెల్లగా అంది. నేను చాయ్ గ్లాసు అక్కడే దింపాను.

వేడుకకు ఇంకా రెండు గంటలుంది. పరుగున ఆ ఊళ్ళో దూది ఏకే తాత ఇంటికి పోయి కాళ్ళమీద పడ్డంత పనిచేశాను. "ఫికర్ జెయ్యకు బేటా. పసిపిల్లది, ఒక్క గింజ సుత ఉండద్దు. జర కూసోని గింజలు ఏరు" అంటూ ఆయన దూదేకే విల్లు అందుకున్నాడు. ఏకుతుంటే దూదంతా లేచి నామీదే వాలింది. కొత్త పరుపుతో నేను వాకిట్లో అడుగు పెట్టేసరికి, "గీ ముసలాయన ఎవరే?" అని ఒక చుట్టపామె అడిగింది. అత్తమ్మ పరుపు మీద చెంప ఆనించి చూసింది. "గిప్పుడైనవ్ మేనమామవు" అంది. బిడ్డ పడుకోబెట్టిన నిమిషానికే నిద్రపోయింది. అక్క నా కనుబొమ్మల మీది దూది కొంగుతో తుడుస్తూ నవ్వాపుకోలేకపోయింది.

కరీంనగర్ తిరిగొచ్చిన మర్నాడే ఒకామె బుట్ట చూస్తూ, "గీ పరుపుల ఏమున్నది బిడ్డా?" అని అడిగింది. మా దుకాణం సేటు గల్లా దగ్గరే ఉన్నాడు. అలవాటుగా నోరు తెరిచాను కాని పాట రాలేదు. "గడ్డి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే పరుపొద్దు. మంచి బొంత నేనే కుట్టుకుంట, బుట్టియ్యి" అని తీసుకుని వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోయినట్టేనని నిలబడ్డాను. సేటు కళ్ళజోడు తీశాడు. "నిజంగ గడ్డేనా?"

"మీకు తెల్వదా?"

"కుట్టేటోడు దూదన్నడు, నేను దూదన్న" అన్నాడు ఆయన చిన్నబోయి. "నేనెన్నడు విప్పి చూడలే."

ఆ సాయంత్రం ఇద్దరం దుకాణం మధ్యలో కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఉన్న పరుపులన్నీ విప్పాం. మోకాళ్ళ ఎత్తున గడ్డి పోగయింది. ఇన్నేళ్ళయ్యాక ఆ పంతొమ్మిదేళ్ళవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, కాస్త ముద్దే వస్తుంది. పొద్దస్తమానం అంత గొంతు చించుకున్నాడు కాని, పాపం, ఒక్కసారి కత్తెర పట్టుకోవాలని తోచలేదు వాడికి.