సర్వేయరు సారు వచ్చేలోపు

తెక్కలకోట బస్టాండు దగ్గర బాడుగ కార్లు ఆరేడు నిలబడి ఉంటాయి. వాటిలో హుసేనప్ప కారును గుర్తుపట్టడానికి నంబరుతో పనిలేదు. ఏది తళతళలాడుతుంటే అదే ఆయనది. ఇరవై రెండేళ్లు వాళ్ల లారీ, వీళ్ల జీపు తోలి, యాభయ్యో ఏట తన పేరున తీసుకున్న బండి. ఇంట్లో వాళ్లు మొహం కడుక్కోకముందే దానికి స్నానం అయిపోతుంది. స్టీరింగుకు విభూతి, అద్దానికి మల్లెపూలు. ఎక్కేవాళ్లు చెప్పులు దులుపుకోకపోతే ఆయన మొహం మాడిపోతుంది. "నన్నెప్పుడన్నా ఇట్ల చూసుకున్యాడా" అని భార్య సిద్దక్క సణుగుతుంది గానీ, ఆ మల్లెపూలు కట్టేదీ ఆవిడే.

అంత అపురూపమైన కారు ఒక సోమవారం కెంచనగుడ్డ మలుపులో, వెనక్కి వస్తున్న వడ్ల ట్రాక్టరు ట్రాలీకి మూతి గుద్దుకుంది. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు. కారుకు మాత్రం బంపరు, రెండు లైట్లు, రేడియేటరు పోయాయి. ఇంజను లోపల కూడా ఏదో విరిగింది. ఇంజను బాగుపడాలంటే ఇన్సూరెన్సు రావాలి. రాకపోతే మళ్లీ ఇంకొకరి బండికి డ్రైవరుగా పోవాలి. 

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు, మీ క్షేమమే మా ఆనందమని కన్నడంలో చెప్పి, పావుగంటసేపు సంగీతం వినిపించింది. చివరికి పాలసీ చేయించిన ఏజెంటు యల్లేష్ దొరికాడు.

"ఫోటోలు తీసి పెట్టుకో మామా. బేస్తవారం కంపెనీ సర్వేయరు వస్తాండాడు, బళ్లారి నుంచి. పెద్ద సారు. మిగిలిందంతా కాగితంలో ఉండాది, ఫోనుకు పంపిస్తాండా" అన్నాడు.

పంపింది అరవై పేజీల ఇంగ్లీషు. సర్వేయరు చూసేదాకా బండిని ముట్టుకోవద్దు, పగిలిన సామాను దాచిపెట్టాలి అనే రెండు ముక్కలు అందులో ఎక్కడో ఉన్నాయట. యల్లేష్ కూడా చదివిన పాపాన పోలేదు.

ఫోటోల పని అక్కడికక్కడే అయింది. పోగైన జనమంతా కారు ముందు వరసగా నిలబడ్డారు. ట్రాక్టరు డ్రైవరు తల దువ్వుకుని వచ్చి నడిమధ్యలో నిలబడ్డాడు. పదకొండు ఫోటోల్లో మనుషులు ముచ్చటగా పడ్డారు. దెబ్బ తగిలిన చోటు మాత్రం ఒక్కదాంట్లోనూ పడలేదు.

బండిని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాక హుసేనప్పకు కొత్త దిగులు పట్టుకుంది. "పెద్ద సారు వాకిట్లోకి వస్తాంటే మూతి పగిలిన బండిని చూపిస్తామా? మన గురించి ఏమనుకుంటాడు?" అన్నాడు. సిద్దక్కకూ అది నిజమే అనిపించింది. చుట్టమొస్తే చిరిగిన దుప్పటి కనబడనిచ్చే ఇల్లు కాదు వాళ్లది.

టింకరు హులిగేశ్ రెండు రోజులు సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. సొట్టలు పోయాయి, రంగు పడింది, పాత బండి నుంచి తీసిన బంపరూ లైట్లూ వచ్చి కూర్చున్నాయి. ఇంజనును కిరసనాయిలుతో కడిగి తుడిచాడు. చేతిలో ఉన్నదంతా దానికే సరిపోయింది. ఇక మిగిలింది పగిలిన సామాను. పాత ఇనుము వాడు అడిగితే హుసేనప్ప కస్సుమన్నాడు. ఆయుధ పూజకు కుంకుమ పెట్టిన సామానును తూకానికి వేస్తారా ఎవరైనా? పాత దేవుడి పటాలను సాగనంపినట్టే, బంపరునూ రేడియేటరునూ గోనెసంచిలో కెంచనగుడ్డకు తీసుకుపోయి, టెంకాయ కొట్టి తుంగభద్రలో వదిలారు. సిద్దక్క కళ్లు కూడా తుడుచుకుంది.

బేస్తవారం సర్వేయరు ఉమేశ్ దిగాడు. వాకిట్లో ముగ్గు, ఆయన మెడలో పూలదండ, ప్లేటులో ఉగ్గాని బజ్జీ. రెండోసారి కూడా వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని, కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"యాక్సిడెంటు అయ్యింది ఈ కారుకేనా?"

"దీనికే సార్."

"మరి దెబ్బ యాడ?"

"ఇంకా యాడుంటాది సార్. మీరొస్తాండారని అంతా సరిచేయించినాము" అన్నాడు హుసేనప్ప, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"పగిలిన సామాను?"

"తుంగభద్రమ్మకు ఇచ్చేసినాము సార్. టెంకాయ కూడా కొట్టినాము."

ఉమేశ్ బానెట్ ఎత్తాడు. రేడియేటరు ఉండాల్సిన చోట నేల కనబడింది. ఇంజను కడిగిన గిన్నెలా ఉంది. "నేను చూడాల్సింది దెబ్బను అప్పా, మీ మర్యాదను కాదు. లోపల విరిగింది ఈ యాక్సిడెంటులోనే అని ఎట్ల రాసేది?" అన్నాడు. ఆ మాట ఆయన కొంచెం బాధగానే అన్నాడు, అప్పటికే ఉగ్గాని తిని ఉన్నాడు కదా.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. యల్లేష్ చదివి చెప్పాడు. వాహనం చూడటానికి చక్కగా ఉంది అనే మొదటి వాక్యానికి హుసేనప్ప ఛాతీ పొంగింది. ప్రమాదం వల్ల జరిగిన నష్టమేదీ కనబడనందున క్లెయిము తోసిపుచ్చడమైనది అనే రెండో వాక్యానికి అరుగు మీద కూలబడ్డాడు.

"దెబ్బ తగిలితే నలుగురికీ కనపడకుండా తుడుచుకొని లెయ్యమని మా నాయన చెప్పినాడు. చూపిస్తేనే ఇస్తారని నాకెవురూ చెప్పలేదప్పా" అన్నాడు. యల్లేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు హుసేనప్ప సిరిగేరిలో వడ్ల వ్యాపారి వీరభద్రప్ప దగ్గర డ్రైవరు. పొద్దున్నే కదలని తన కారును కడిగి, బస్సెక్కి పోయి ఆయన కారు తోలుతాడు. ఆ కారు వెనక తలుపుకు ఈమధ్య ఎవరో గుద్దితే పెద్ద సొట్ట పడింది. వీరభద్రప్ప దాన్ని చూసి, చూడ్డానికి అసయ్యంగా ఉండాది, సరిచేయించుకొని రాపో అన్నాడు. ఇరవై రెండేళ్ల డ్రైవరు పనిలో యజమాని మాటకు ఎదురు చెప్పని హుసేనప్ప, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఉండనీప్పా" అన్నాడు. "సార్లకు కనపడాల."