కత్తెర పడని తీగ

వీధి చివర సెలూన్ నడిపే ఆయన నెత్తిన ఒక్క వెంట్రుకా మిగల్లేదు గానీ, ఏది గుబురుగా కనిపించినా ఆయన చేతులు ఊరుకోవు. ఆదివారం వస్తే కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగుతాడు. "కదలకు, చెవి తెగుతుంది" అని గులాబీ కొమ్మను మందలిస్తూ మరీ కత్తిరిస్తాడు. ఆయన చేతిలో పడ్డ మొక్క ఒక్కటీ పూసిన పాపాన పోలేదు.

అందుకే ఈ ఏడు గుమ్మడి గింజ నాటుతూ భార్య ముందే చెప్పేసింది. "దీని జోలికొచ్చారంటే కత్తెర చెత్తబుట్టలో ఉంటుంది!"

వానాకాలమంతా తీగ వెనకగోడ నిండా అల్లుకుంది.

"కనీసం అంచులైనా సర్దనివ్వవే" అని ఆయన బతిమాలాడు. ఆవిడ ససేమిరా అంది.

అంతలో గాలి చల్లబడింది. గుమ్మడాకులు పసుపెక్కి రాలిపోసాగాయి.

"చూశావా, నా పని ఇంకెవరో కానిచ్చేస్తున్నారు. దువ్వెనైనా వాడకుండా!" అని ఆయన ఉడుక్కున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే టీ గ్లాసుతో పెరట్లోకొచ్చి నోరెళ్లబెట్టాడు. బోసిపోయిన గోడ మీద ఐదు గుమ్మడికాయలు దర్జాగా కూర్చున్నాయి. ఇన్నాళ్లూ ఆ గుబురులోనే దాక్కున్నాయన్నమాట. మధ్యలోది మరీ పెద్దది. గుండ్రంగా, నున్నగా, లేత ఎండలో తళతళలాడుతోంది.

వెనకే వచ్చిన భార్య ఓసారి దాన్ని చూసింది, ఓసారి ఆయన నెత్తిని చూసింది.

"ఇంకా నయం, మిమ్మల్ని కత్తెర వెయ్యనివ్వలేదు. సొంత తమ్ముణ్ణే పొట్టన పెట్టుకునేవారు!"

ఆయన పగలబడి నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి, తమ్ముడి నెత్తిన పడ్డ మంచును మెల్లగా తుడిచాడు.